ఖోంగ్‌సరా కొండల్లో ఒంటికంటి దుర్భిణి

మా ఆయన ఇరవై ఏళ్ళకు పైగా రైలింజను నడిపారు. కిందటేడు షుగరు వల్ల కుడికన్ను దెబ్బతిని, మెడికల్‌లో ఫెయిలయ్యారు. ఆయన్ను ఇంజను దింపి షెడ్డు ఆఫీసులో కూర్చోబెట్టారు. అప్పటినుంచి డ్యూటీ అవగానే బిలాస్‌పూర్‌లోని మా క్వార్టరుకొచ్చి తలుపేసుకోవడమే పని. కిటికీలోంచి కూడా బయటికి చూడరు. మనిషి ఎదురుగానే ఉన్నా నాకు ఇల్లు బోసిగా ఉండేది. ఈ మనిషిని మళ్ళీ బయటికి లాగకపోతే నా పేరు పద్మే కాదనుకున్నాను.

నాకు పిట్టల పిచ్చి. మొదట నా బైనాక్యులర్స్ ఇచ్చాను. రెండు కళ్ళకూ ఆనించుకుని, అంతా మసగ్గా ఉందని మంచం మీద పడేశారు. "గుడ్డోడికి బైనాక్యులర్సేటే?" అన్నారు. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. తర్వాత నేను చిన్న స్పాటింగ్ స్కోపు కొనుక్కున్నాను. టిఫిను డబ్బా పక్కన సంచిలో ఇమిడిపోయే దుర్భిణి. దీనికి ఒక్క కన్ను చాలండీ అంటే, వినిపించుకుంటేనా!

చివరికి సామాను మొయ్యడానికి తోడు రమ్మన్నాను. "బేగు మోస్తాను. పిట్టలూ గిట్టలూ నాకొద్దు" అని ఒప్పుకున్నారు.

ఎండలు ముదరకముందే, ఒక ఆదివారం పొద్దున్న పేండ్రా వైపు పాసింజరు ఎక్కాం. వెళ్ళాలనుకునేవాళ్ళు తిరుగు బండి సంగతి ముందే అడిగి పెట్టుకోండి, గూడ్సులకు దారిచ్చి ఇది ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. ఇంట్లో చేసిన పులిహోర, బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో కొన్న సమోసాలు, నీళ్ళ సీసాలు, అంతే మా సామాను.

కోటా దాటాక, ఎదురు సీట్లో బుట్టతో కూర్చున్న పెద్దావిడ మా స్కోపు స్టాండు చూసి కంగారు పడింది. "సర్వే వాలే హవ్ కా దీదీ? హమర్ ఖేత్ జాహీ కా?" మూడు కాళ్ళ స్టాండు కనిపిస్తే చాలు, సర్వేవాళ్ళొచ్చారు, పొలం పోతుందని భయం ఇక్కడ. నేను నవ్వి, బేల్గహనాలో బండి ఆగినప్పుడు గేదె మీది కొంగను స్కోపులో చూపించాను. "ఏ దాయీ!" అని బుగ్గలు నొక్కుకుంది. ఆమె చూసినంతసేపు చూసింది గానీ మా ఆయన తల తిప్పలేదు.

ఖోంగ్‌సరాలో దిగి టీ తాగి నడక మొదలుపెట్టాం. పులుల అడవి హద్దు జోలికి పోకుండా ఇవతలి గట్టు ఎక్కాం. ఇప్పపూల వాసన దారంతా ఉంది. పైకెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది గానీ స్కోపు బరువే తెలియలేదు. రాతి మీద పొట్టి స్టాండు పెట్టి, గాలికి కదలకుండా నీళ్ళ సంచి వేలాడదీశాను.

లోయకు అవతల కొమ్ముకత్తిరి పిట్టలు గూడు పెడతాయని విన్నాను. ఇంగ్లీషులో హార్న్‌బిల్, ఇక్కడ ధనేష్ అంటారు. ఆడపిట్ట చెట్టుతొర్రలో కూర్చుని, సన్నని సందు వదిలి తలుపు పూడ్చేసుకుంటుంది. మగపిట్ట పళ్ళు తెచ్చి ఆ సందులోంచి తినిపిస్తుంది.

"మనింట్లో అంతా తలకిందులు. తలుపేసుకున్నది మీరు, మేపేది నేను" అన్నాను.

"చాల్లేయే" అన్నారు. కానీ పెదవి కదిలింది.

దగ్గరికి పోతే పిట్ట బెదురుతుంది. ఇంత దూరంనుంచి చూడనివ్వడమే ఈ స్కోపు గొప్పతనం. అయితే జూమ్ చివరిదాకా తిప్పేశానేమో, ఎండకు గాలి అలలాడి ఏమీ తేలడం లేదు. విసుగొచ్చి ముందుకీ వెనక్కీ తిప్పేస్తున్నాను.

"అలా పీకితే మర పోద్ది! లెగు!" అని ఆయనే వంగారు. కుడికన్ను మూసుకుని, ఎడమకన్ను ఆనించారు. జూమ్ తగ్గించి, రింగు మెల్లగా తిప్పి ఆపేశారు.

ఉన్నట్టుండి గొంతెత్తి, "ఎడమ పక్క తెల్లచెట్టు, తొర్రలో ముక్కు!" అన్నారు.

నేను గబగబా స్కోపు దగ్గరికి వంగబోయాను.

"తిరిగి సెప్పవేటే?"

అప్పటికి అర్థమైంది. ఇంజను మీద ఒకరు సిగ్నలు చూసి పైకి చెబితే, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. అది డ్యూటీ.

"ఎడమ పక్క తెల్లచెట్టు, తొర్రలో ముక్కు!" అన్నాను.

మగపిట్ట వచ్చింది, పండు అందించింది, ఎగిరిపోయింది. ప్రతిదీ ఆయన చెప్పడం, నేను తిరిగి చెప్పడం. పులిహోర ఆరిపోయింది. నా స్కోపులో నాకు వంతు రావడానికి బతిమాలుకోవాల్సి వచ్చింది.

తిరుగు బండి సాయంత్రం ఆలస్యంగానే వచ్చింది. నన్నడిగితే కొండలెక్కేవాళ్ళు పెద్ద దుర్భిణుల జోలికి పోనక్కర్లేదు. ఇంత చిన్నదానిలో ఆడపిట్ట ముక్కు మీది గీతలు కూడా కనబడ్డాయి. ఆ సంగతే చెబుతుంటే మా ఆయన మధ్యలో అందుకున్నారు.

"భన్వర్‌టోంక్ సొరంగం దాటాక ఓ కొండచరియ ఉంది. దాని మీద గెద్దలు తిరిగేవి. గూడెక్కడో కనిపెట్టాలని ఎన్నేళ్ళు అనుకున్నానో. బండి ఆపి సూడ్డానికి నేనెవర్ని?"

"ఇప్పుడో?"

"ఇప్పుడు నడిపేవోడు వేరే కదేటి" అన్నారు. "వచ్చే ఆదివారం మనం అక్కడ దిగిపోదాం."