అంజమ్మక్క చూరుకు రాని పిట్టలు

చాలా ఏళ్లుగా ఒక మాట లోపలే మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

వికారాబాద్‌లో మాదీ, అంజమ్మక్కదీ పక్కపక్క ఇళ్లు. మధ్య నడుమెత్తు బండల గోడ. ఆమె భర్త ప్రతి చలికాలం మోమిన్‌పేట్ చేను నుంచి జొన్న కంకులు తెచ్చి పిట్టల కోసం చూరుకు కట్టేవాడు. పిచ్చుకలతో పాటు, తలా రొమ్మూ ఎర్రగా ఉండే పిట్టలు కొన్ని వచ్చేవి. చలికాలంలో తప్ప కనిపించవు. ఆయన పోయాక కూడా అక్క కంకులు కట్టడం మానలేదు.

నాకు పిట్టల పిచ్చి. నేనూ పెరట్లో పళ్లెం నిండా కొర్రలు పోసేదాన్ని. ఒక్క ఎర్ర పిట్టా వాలేది కాదు. ఫోన్‌లో పిట్టల గ్రూపు ఉంది, అందులో మా పెరటి ఫొటోయే పెట్టాలని పంతం పట్టాను. ఎవరడిగారు నన్ను? అక్క పొద్దున్నే పాలు పోయడానికి వెళ్లగానే, గోడ మీంచి కర్రతో ఆమె చూరు మీద కొట్టి పిట్టలను తోలేదాన్ని. కొన్నాళ్లకు అవి నా పళ్లేనికి అలవాటుపడ్డాయి. ఫొటోను అందరూ మెచ్చుకున్నారు. మురిసిపోయాను కూడా.

ఒకరోజు అక్క మిగిలిన కంకులన్నీ ఒడిలో వేసుకుని మా ఇంటికి వచ్చింది.

"ఆయన పోయినంక పిట్టలు గూడ మా ఇంటికి ఒస్తలేవు చెల్లె. నా చెయ్యి మంచిది కాదేమో. గివి నువ్వే కట్టు. యాడ తిన్నా కడుపు నిండితె సాలు."

"గట్లేం లేదక్కా" అన్నాను. అంతే. కంకులు తీసుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? సిగ్గా? నాతో మాట్లాడడం మానేస్తుందన్న భయమా? మళ్లీ కర్ర ముట్టలేదు, పళ్లెం కూడా కొన్నాళ్లు తీసేశాను గానీ, అక్క అప్పటికే కట్టడం మానేసింది, కంకి లేని చూరుకు పిట్టలు ఎలా వస్తాయి?

అప్పటినుంచి ప్రతి చలికాలం కంకులు తెచ్చిస్తుంది. మా అరుగు మీద కూర్చుని పిట్టలను చూసి సంతోషపడుతుంది. నాకు ఆపరేషన్ అయినప్పుడు, తాండూరు నుంచి మా అమ్మ వచ్చేదాకా రొట్టెలు చేసి పెట్టింది ఆమే. ఈ ఊళ్లో నాకు సొంత అక్క ఉందంటే ఆమే. ఆమె దొరకడం నా అదృష్టం. ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఆ చేత్తోనే నాకు అన్నీ చేసింది, అది మంచిది కాదని ఇప్పటికీ నమ్ముతోంది.

నిన్న కూడా కంకులు తెచ్చింది. ఈసారి నువ్వే కట్టమని బతిమాలాను. చేతులు కొంగులో దాచుకుని నవ్వింది. నేనే కట్టాను.

ఆమెకు ఎప్పుడు చెబుతానో తెలియదు. మిమ్మల్ని క్షమించమనీ అడగడం లేదు. ఇది రాస్తుంటే గుండె కొంచెం తేలికపడుతోంది, అంతే. పిట్టలు ఆమెను వదిలిపోలేదు. నేనే తోలాను.