సుందరమ్మ మామ్మ కోసం నేను చెప్పిన ప్రార్థన మనవి

నా నోటిదురుసు వల్ల నా నడుము విరిగిన వైనం చెబుతాను, నవ్వుకోండి. మీరు నవ్వకపోయినా ఫర్వాలేదు, మీ వంతు కూడా మా సంఘం అప్పుడే నవ్వేసింది.

హుకుంపేట దగ్గర ఒక కొండ ఊరి బడికి లెక్కల మాస్టారుగా వచ్చిన కొత్త. ఇతరులను ఆడిపోసుకోవడం పాపమని బైబిలు చదివిన నాకు తెలియదా? తెలుసు. అయితే దాని ముందు “ప్రార్థించండి” అని తగిలిస్తే పాపం కాదని నా సొంత సిద్ధాంతం. ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం ప్రార్థన గుడిలో, ఎవరి కోసం ప్రార్థించాలో మనవులు చెప్పే వేళ లేచి నిలబడ్డాను.

“సుందరమ్మ మామ్మ కోసం ప్రార్థించాలండి. ప్రతి వారం ఆలస్యంగా వస్తుంది. వాక్యం చెప్పడం మొదలవగానే గురక పెడుతుంది. దేవుడే ఆమెను మార్చాలి.”

మామ్మ అప్పుడూ కునుకుతూనే ఉంది. పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది.

“మంచిది మాస్టారూ! రేపట్నించి మామ్మ పని మీదే.”

“నాకు పనేటండీ?”

“మా సంఘంలో ఆచారం అదే. ఎవుల కోసం మనవి సెప్తే, ఆ వారం ఆళ్ల పని మనం సెయ్యాల.”

అందరూ గట్టిగా “ఆమేన్” అన్నారు. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

మర్నాడు తెల్లారకముందే మామ్మ నా తలుపు కొట్టింది. “బేగి రా బాబూ, దారి సూపిత్తాను.”

లోయలో ఊట. అక్కడి నుంచి నిలువు కొండ. తన ఇంటికి ఒక బిందె, మంచాన పడిన పక్కింటావిడకి రెండు. మూడో రోజుకే నేను నాలుగు కాళ్ల మీద ఎక్కుతున్నాను. డెబ్బై ఏళ్ల ఈ మనిషి ఇన్నేళ్లుగా ఎలా ఎక్కిందా అని నోరు తెరుచుకుని చూశాను.

“మామ్మా, నీ మీద చాడీ చెప్పాను,” అన్నాను సిగ్గుతో.

“ఇన్నానులే. నిద్దర్లోన కూడా సెవులు పనిసేత్తాయి.”

ఆదివారం ఆ మూడు బిందెలతో పాటు గుడి కుండ కూడా నింపాలి. ప్రతి వారం నేను కడుపారా తాగి, గొంతు సవరించుకుని, మామ్మలో తప్పులెంచడానికి వాడిన నీళ్లు అవేనన్నమాట! కుండ నింపి, స్నానం చేసి వచ్చేసరికి ఆరాధన సగమైంది. కూర్చున్నాను. ఆ తర్వాత నా గురకకి నాకే మెలకువ వచ్చింది. గుడంతా నన్నే చూస్తోంది.

“ఇంకేవైనా మనవులున్నాయా?” అన్నారు పాస్టరుగారు.

మామ్మ లేచింది.

“ఉంది గానీ సెప్పను బాబూ. ఈ మాస్టారు కోసం సెప్తే, రేపట్నించి బడిలో గుంటలకి లెక్కలు నాను సెప్పాల!”

ఆ నవ్వుల మధ్య నేను లేచి, నడుము పట్టుకుని, సంఘం ఎదుట ప్రమాణం చేశాను: ఇకపై ఎవరి తప్పు చెప్పాలన్నా, ముందు వాళ్ల బిందె ఎత్తి చూస్తాను. ఆ తర్వాత నోట మాట వస్తే అప్పుడు చూద్దాం.