గిటార్ మీదికి వచ్చిన శుద్ధ ధన్యాసి

కోరుట్లలో మా వయొలిన్ టీచరు దగ్గర ఆరేళ్లు నేర్చుకున్నాను. జగిత్యాలలో ఉద్యోగం వచ్చాక మానేశాను. మానేస్తున్నానని ఆమెకు చెప్పలేదు, వెళ్లడం ఆపేశానంతే. ఆమె పోయారన్న కబురు కూడా మూడు నెలలకు గానీ తెలియలేదు.

అప్పటికే ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాను. ఆదివారాలు సిరిసిల్లలో, మూతపడిన ఒక మరమగ్గాల షెడ్డులో ముగ్గురం కలిసి రాక్, బ్లూస్ వాయించేవాళ్లం. బ్లూస్‌లో ఎక్కువగా తిరిగే ఐదు స్వరాలు నాకు కొత్త కాదు. టీచరు నేర్పిన శుద్ధ ధన్యాసి రాగం స్వరాలే అవి. తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని ఏడిపించడాన్ని మావాళ్లు బెండింగ్ అనేవారు. నా వేళ్లకు మాత్రం అది గమకమే.

ఒక మధ్యాహ్నం సోలో వాయిస్తుంటే వేళ్లు నేను అనుకోని దారి పట్టాయి. పై షడ్జం నుంచి మెల్లగా దిగి, మధ్యమం మీద ఊగి, ఆగిపోయాయి. తాళంలో ఐదు దెబ్బల పాటు ఏమీ లేదు. తర్వాత ఒంటరిగా ఒక నిషాదం. డ్రమ్స్ వాయించే మిత్రుడు కర్రలు దించేశాడు.

"ఏంది గిది? యాడ నేర్సుకున్నవ్?"

"ఏమో. నాకు గూడ తెల్వది."

అంతా అతని ఫోన్‌లో రికార్డయింది. ఎన్నిసార్లు విన్నా ఆ చేయి నాది అనిపించలేదు.

వారం తర్వాత ధైర్యం చేసుకుని కోరుట్ల వెళ్లాను. టీచరు భర్త తలుపు తీశారు. రికార్డింగ్ పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. గిటార్ ఆగగానే మోకాలి మీద వేలితో ఐదు దెబ్బలు వేసి, ఫోన్‌లో వినబడేలోపే ఆ నిషాదాన్ని తానే పాడారు.

రికార్డింగ్ ఆపేశాను. "మీకెట్ల తెలుసు సార్?"

"నువ్వు అచ్చుడు బంద్ చేసినంక మీ టీచర్ కట్టింది బిడ్డా గిది. యాడ రాసిపెట్టలే, ఎవ్వలకు నేర్పలే." ఆయన లోపలి గది వైపు చూశారు. "పోయినంక గూడ పొద్దుగాల గా రూములకెల్లి ఇనవడ్తది. నాకొక్కనికే అనుకున్న."

"నేను రానందుకు టీచర్ ఏమన్న అన్నరా సార్?"

"ఏమనలే. నువ్వచ్చే యాల్లకు గేటు తీసిపెడుతుండె."

నాలుగు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"నువ్వు అచ్చిపోయిన కాడికెల్లి ఇనవడ్తలేదు బిడ్డా. ఇల్లంత సప్పుడు లేకుంట అయింది."

ఆయన ఇంట్లోంచి ఏదో ఎత్తుకొచ్చినట్టు సిగ్గేసింది. క్షమించమన్నాను.

"తప్పేముంది? నువ్వే అచ్చి వాయించు."

ఇప్పుడు వీలైనప్పుడల్లా గిటార్ తీసుకుని వెళ్తాను. టీచరు గదిలోనే కూర్చుని వాయిస్తాను. ఆయన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని వింటారు. ఒకసారి అడక్కుండా తెచ్చుకున్నాను కాబట్టి, ఆయన ముందు నడవకపోతే మాత్రం నేను ఆ గదిలో అడుగుపెట్టను.