మీసాల చేపలు పోయిన కుంట

మొన్న శుక్రవారం జిజాన్ నుంచి వచ్చిన పాత మిత్రుడొకడు బలద్ పేటలోని మా గదికి ఒక కవరు నిండా చేపలు తెచ్చాడు. ఒకప్పుడు మేమిద్దరం పనిచేసిన మామిడితోట కుంటలోవే అవి. విప్పి చూస్తే ఒక్కటీ అరచెయ్యి దాటలేదు, తలలు పెద్దవి, ఒళ్లు సన్ననివి. వాటి పొలుసు తీస్తూ కూర్చున్నానే గాని, మనసు ఆ కుంట గట్టుకే పోయింది. నాలాగా సగం బతుకు ఈ అరబ్బు దేశంలో గడిపినవాళ్లకు తెలుసు, చేసిన పని మరిచిపోతాం గాని ఇక్కడి శుక్రవారాలు మరిచిపోలేం.

తోటకు నీళ్లు నిలవ చేయడానికి మా కఫీల్, మమ్మల్ని పనిలో పెట్టుకున్న ముసలి యజమాని, తవ్వించిన కుంట అది. అందులో బుల్తీలు, అంటే మన జిలేబి చేపలు, వదిలాడు. జుమ్మా నమాజు అయ్యాక చుట్టుపక్కల తోటలవాళ్లూ ట్రక్కు డ్రైవర్లూ గాలాలు పట్టుకొని వచ్చేవాళ్లు. ఆ ముసలాయన ఎవరినీ కాదనేవాడు కాదు. తనూ ఒక గాలం తెచ్చుకొని, చాప పరిచి, అందరికీ గహ్వా కాఫీ పోయించేవాడు. నన్ను ఇక్కడికి పిలిపించింది మా అక్క భర్త. తోటలో మోటార్ల పని ఆ బావది, ఆయన చేతి కింద నేను. వారమంతా గ్రీజులో మునిగి ముభావంగా ఉండే మనిషి, గాలం పట్టగానే మా ఊరి వాగులో ఈత కొట్టిన కుర్రవాడైపోయేవాడు.

ఏ వరదకు కొట్టుకొచ్చాయో, ఎవరు తెచ్చి వదిలారో గాని, కుంటలో మీసాల చేపలు చేరాయి. మన వాలుగకు దాయాదుల్లా ఉండేవి. బుల్తీ పిల్లల్ని మింగి అవి బలుస్తుంటే, జనం గాలాలకు బుల్తీలు తగలడం తగ్గింది. అక్కణ్నుంచి గట్టు మీద వాదులాట మొదలైంది. వారమంతా ఆశపడి వస్తే ఖాళీ చేతులతో పోవాలా అని డ్రైవర్లు అనేవాళ్లు, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బావకు మాత్రం మీసాల చేపతోనే వేట. అది గాలం మింగి లోతుకు లాగుతుంటే ఆయన ముఖంలో వెలుగు చూడాలి. “భయం లేని నీళ్లల్ల గాలమేసి ఏం జేస్తం బామ్మర్దీ? బకెట్ల చెయ్యి పెట్టి తీస్కున్నట్టే గద,” అనేవాడు.

చివరికి కఫీల్ అందరినీ చాప మీద కూర్చోబెట్టి, వాటిని ఉంచాలా తీసేయాలా అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎక్కువమంది తీసేయమన్నారు. పెద్దవి నాలుగైదు ఉంచి మిగతావి పట్టేద్దామని బావ వచ్చీరాని అరబ్బీలో బతిమాలాడు. నీకు కూర కన్నా కుస్తీ ఎక్కువైందా అని ఒక పాకిస్తానీ డ్రైవర్ ఉర్దూలో ఎగతాళి చేస్తే అంతా నవ్వారు. నేను బావ వైపే మాట్లాడాను గాని, కొత్తగా వచ్చినవాడి మాట ఎవరి చెవికెక్కుతుంది?

వాటిని పట్టాలంటే కుంట నీళ్లు తగ్గించాలి, ఆ నీళ్లు తోడే మోటారు బావ చేతిలోదే కావడం ఆయన దురదృష్టం. ఆ చేపల రెక్కల దగ్గర ముళ్లుంటాయి, చెయ్యి చీరేస్తాయి. అలవాటున్నవాడు ఆయనొక్కడే కనక బురదలోకి దిగిందీ ఆయనే. అన్నిటికన్నా పెద్దదాన్ని రొమ్ముకు అదుముకొని గట్టెక్కాడు. అది ఇంకా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. బండి ఇస్తే ఊరవతలి ఆనకట్ట దాకా పోయి వదిలేసి వస్తానన్నాడు. అక్కడ మాత్రం ఇంకొకరి చేపల్ని తినదా అని కఫీల్, “ఖలాస్, యా అఖీ” అన్నాడు, ఇక వదిలెయ్ తమ్ముడూ అన్నట్టు, మెత్తగానే. ఆ పూట అందరూ మసాలా దట్టించి వండుకున్నారు. బావ అన్నంలో లబన్ మజ్జిగ కలుపుకొని తిని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ యేడు బుల్తీలు ఎన్ని తగిలాయో! డ్రైవర్ల సంబరానికి అంతు లేదు. మరుసటి యేటికి, మింగేవి లేక బుల్తీ పిల్లలకు పిల్లలు పుట్టి, కుంట కిక్కిరిసి, తిండి చాలక చేప ఎదగడమే మానేసింది. గాలం వేయగానే తగిలేది, చూసి మళ్లీ నీళ్లలోకి విసరాల్సిందే. జనం ఒక్కొక్కరే రావడం మానేశారు. మీసాల చేపల్ని మళ్లీ తెచ్చి వదులుదామా అని కఫీలే ఒకసారి నన్నడిగాడు గాని, అప్పటికే బావ కఫాలా మార్పించుకొని ఇంకో యజమాని కింద రాబిగ్ ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయాడు. పక్కనే సముద్రం ఉన్నా మళ్లీ గాలం ముట్టలేదని అక్క చెప్పేది.

బావ ఇప్పుడు ఊరికి తిరిగి వెళ్లి ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఫోనులో మోకాళ్ల గురించీ మందుల గురించీ మాట్లాడుకుంటాం. కుంట ఊసు ఇద్దరం ఎత్తం. కఫీల్ పోయాక కొడుకులు దాని చుట్టూ కంచె వేశారట. మా గదిలోనూ శుక్రవారమంటే ఎవరి మంచం వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. ఒక చేప ఉండాలా పోవాలా అని ఇన్ని దేశాలవాళ్లం, ఇన్ని భాషల్లో, ఆ ముసలాయన చాప మీదే కూర్చొని గొంతు చించుకున్న రోజులు అవి. అప్పుడు ఆ పోట్లాట ఎప్పుడు తెగుతుందా అని విసుక్కునేవాణ్ని. తెగకుండా ఉంటే ఎంత బాగుండేదో!