నిండు గ్లాసు మేనేజరు

మా బడి బస్సుల మేనేజరుగారు చేతిలో నిండు నీళ్ళగ్లాసు లేనిదే బస్సెక్కేవారు కారు. ఆ నీళ్ళు తాగడానికి కావు. డ్రైవరు బ్రేకు గట్టిగా అదిమినా, గేరు కుదుపుతో మార్చినా గ్లాసు తొణుకుతుంది. తొణికిందంటే డీజిలు వృథా అయినట్లేనని ఆయన సిద్ధాంతం. ముందు సీటులో కూర్చుని, అరచేతిలో గ్లాసును నిలిపి, దాన్నే చూస్తూ ఊరంతా తిరిగేవారు. ఊరెలా ఉంటుందో ఆయనకు ఇప్పటికీ తెలియదని నా అనుమానం.

"దాహమేస్తే తాగేయండి సార్, మా ప్రాణాలు కుదుటపడతాయి," అనేవారు డ్రైవర్లు.

"తాగితే సాక్ష్యం పోతుందయ్యా. పోనియ్యి."

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య ఒకసారి నాతో మొరపెట్టుకున్నారు. "పెళ్ళయిన కొత్తలో స్కూటరు మీద సినిమాకు బయలుదేరాం టీచరుగారూ. హాలు వచ్చింది, ఆపండన్నాను. ఇంత వేగంలో బ్రేకు వేస్తే పెట్రోలు దండగన్నారు. బండి తనంతట తాను ఆగేసరికి, తిరిగి మా ఇంటి ముందున్నాం."

"మరి సినిమా?"

"ఇంతవరకూ చూడలేదు."

డీజిలు ధర నెలనెలా ఎగబాకుతున్న రోజులవి. బడి యజమాని ఎనిమిది మంది డ్రైవర్లనూ పిలిచి, ఆరు నెలల్లో లీటరుకు అందరికన్నా తక్కువ దూరం నడిపినవారిని ఇంటికి పంపి, ఆ బస్సును అమ్మేస్తానన్నారు. అందరి చూపులూ పెద్ద డ్రైవరు మీదికి మళ్ళాయి. అనుభవజ్ఞుడని గుట్ట మీది కాలనీ దారిని ఎప్పుడూ ఆయనకే అప్పగించేవారు. ఆ ఎత్తెక్కడానికి ఏ బస్సయినా డీజిలు గటగటా తాగవలసిందే. ఉద్యోగం పోతే, ఆ వయసులో ఆయనకు మరొకరు పని ఇవ్వరు.

"గుట్టను మినహాయించండి సార్," అని మేనేజరు అడిగారు.

"బంకువాడు మినహాయిస్తాడా?" అన్నారు యజమాని.

మర్నాడే మేనేజరు కొత్త నిబంధన పెట్టారు. ఎవరి బస్సులో గ్లాసు ఒలికితే, మరుసటి వారమంతా శిక్షగా వారికే గుట్ట దారి. డ్రైవర్లు భగ్గుమన్నారు.

"రోడ్డంతా గుంతలైతే నీళ్ళెలా నిలుస్తాయి సార్?"

"నీళ్ళ సంగతి నేను చూసుకుంటాను. బండి సంగతి నువ్వు చూసుకో."

ఒక శుక్రవారం నేను ఆయన వెనక సీటులో కూర్చున్నాను. నడుపుతున్నవాడు మా డ్రైవర్లందరిలోకీ నేర్పరి. సిగ్నలు దగ్గర బస్సు నిశ్చలంగా ఆగి ఉంది. మేనేజరు అటూ ఇటూ చూసి, మణికట్టును సుతారంగా వంచారు. సగం గ్లాసు ఆయన ప్యాంటు మీద పడింది.

"ఏమిటయ్యా ఇది! వచ్చే వారం గుట్ట నీదే!"

"బండి ఆగే ఉంది కద సార్!"

"ఆ ఆగడంలోనే ఉంది తేడా."

బస్సు దిగాక నిలదీశాను. "మీరే ఒంపుకున్నారు. నేను చూశాను."

ఆయన గొంతు తగ్గించారు. "ఈసారి ఇతని వంతు టీచరుగారూ. కిందటి వారం మీసాల డ్రైవరుది. అందరూ సమంగా ఎక్కితే గుట్ట భారం ఒక్కడి నెత్తినే పడదు. వంతులంటే యజమాని ఒప్పుకోరు, శిక్షంటే సంతోషిస్తారు. ఎవరితోనూ అనకండి."

"అనను. ముందు ఆ ప్యాంటు ఆరబెట్టుకోండి."

ఆరు నెలలు గడిచాయి. లెక్క తేల్చే రోజున, బస్సుల వేళల గురించి మాట్లాడడానికి నేనూ యజమాని గదిలోనే ఉన్నాను. ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఎనిమిది బస్సులూ ఒక్క తీరుగా నడిచాయి! పైగా మొత్తం వాడకం పదో వంతు తగ్గింది. ఇక ఎవరిని పంపమంటారయ్యా?"

"పంపాలంటే గుట్టనే పంపాలి సార్," అన్నారు మేనేజరు వినయంగా.

యజమాని నవ్వు ఆపుకొని, కాగితాన్ని సొరుగులో పడేశారు.

ఆ సాయంత్రం బస్సుల షెడ్డు దగ్గర పెద్ద డ్రైవరు ఎదురయ్యారు. అసలు సంగతి ఆయనకు తెలియదు.

"చూశారా టీచరుగారూ, ఈ వయసులో నా చెయ్యి ఎంత మెరుగుపడిందో! ఆ కుర్రాళ్ళదే కాస్త పాడైంది."

అవునన్నాను. పక్కనే ఉన్న మేనేజరు గంభీరంగా తలాడించి, వీలున్నప్పుడు వాళ్ళకు నాలుగు మెలకువలు నేర్పమని ఆయనను బతిమాలారు.