తెర కింది అంచున ముత్తమ్మ

అడవి, రక్తం, పిశాచం, జీవితమంతా సాగిన ఎదురుచూపు: అన్నీ ఉన్న మహాగాథ చెప్పబోతున్నాను. అలా మొదలుపెడితే బాగుంటుందని అన్నాను గానీ, నిజానికి ఇది రిమోట్‌లోని ఒక మీట గురించి.

కరోనా తర్వాత హాళ్లు మళ్లీ తెరిచిన ఏడాది, వానాకాలంలో, ఇనుప గనుల ఊరు బచేలిలో, క్వార్టర్ల దగ్గర ఒక క్లబ్బులో నన్ను ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా వేశారు. హోదా గ్రేడ్ టూ. గ్రేడ్ వన్ ఎవరూ లేరు, ఆయన కుర్చీ మాత్రం ఉండేది. ముప్పై మూడేళ్లకే రిటైరయ్యాను. వయసు మీద పడి కాదు, హాలు పైకప్పు పడి.

ఆదివారం మ్యాట్నీకి పాత హిందీ దెయ్యం సినిమాలు వేసేవాళ్లం. పట్నంవాళ్లు అడవికి పిక్నిక్‌కి వస్తారు, అడవివాళ్లు వాళ్లను పిశాచానికి బలి ఇస్తారు. ఆ అడవివాళ్లలో ముందు వరస బొంబాయి డాన్సర్లు, ఒళ్లంతా నల్లరంగు. నిజంగా అడవిలో ఉండేవాళ్లు వెనక వరస, ముఖాన సున్నం, మెడలో ఎముకల దండ. ఎవరికీ మాటల్లేవు, "హుర్ హుర్" తప్ప.

ఒక ఆదివారం గొల్లపల్లి నుంచి కుంజం కన్నమ్మ వచ్చింది. దోర్నపాల్ సంతలో చింతపండు అమ్మే మనిషి. ఆ రోజు వేసే సినిమా ఆమె చిన్నప్పుడు వాళ్ల అడవిలోనే తీశారట. అక్క ముత్తమ్మతో కలిసి వెనక వరసలో నిలబడిందట. మరుసటి వానలకే ముత్తమ్మ జ్వరంతో పోయింది. ఫొటో ఒక్కటీ లేదు.

సినిమా నడుస్తుంటే కన్నమ్మ ఒకటే నవ్వు. "హుర్ హుర్ ఏంది? మేమేమన్న పందులమా? గా మెడల బొక్కలు ప్లాస్టిక్‌వి బిడ్డా. మా అక్క వాటిని గిలక్కాయ లెక్క ఆడిచ్చేది."

పిశాచం వచ్చింది, అందరూ పరుగెత్తారు. నవ్వు ఆగింది.

"గీడ్నే నేను పడ్డ. అందరు ఉరికిన్రు, అక్క మల్లొచ్చి వంగి నన్ను లేపింది. గా వంగుడేది?"

"కోసేసి ఉంటారు పెద్దమ్మా," అన్నాను.

కోసింది వాళ్లు కాదు. పాత సినిమా బొమ్మ దాదాపు చతురస్రం, మా తెర వెడల్పు. ఉన్నదున్నట్టు వేస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. సగం తెర ఖాళీ ఏమిటని మెంబర్లు అరుస్తారు కాబట్టి 'ఫుల్' మోడ్‌లోనే వేయాలని క్లబ్బు సెక్రటరీగారి ఆర్డరు. మా ప్రొజెక్టర్‌లో ఫుల్ అంటే బొమ్మను సాగదీయడం కాదు. వెడల్పుకు సరిపడా పెంచి, పైనా కిందా కోయడం. పిశాచం తెర నడిమధ్యనే ఉంటుంది కాబట్టి ఎప్పుడూ బతికిపోతుంది. కిందపడ్డవాళ్లే పోతారు.

జనం వెళ్లాక కన్నమ్మను ఉండమన్నాను. సెక్రటరీగారు తాళాలు ఆడిస్తూ నిలబడ్డారు. "ఏవయ్యా, దెయ్యాన్ని కూడా ఓవర్‌టైం చేయిస్తావా?" అన్నారు. అన్నారే గానీ కూర్చున్నారు.

రిమోట్‌లో మీట నొక్కి, బొమ్మ ఉన్నదున్నట్టు వచ్చే 'ఒరిజినల్'కి మార్చి, ఆ పరుగు మళ్లీ వేశాను. తెర కింది అంచున సున్నం పూసిన ఒక పిల్ల ఆగింది, వెనక్కి తిరిగింది, వంగింది. చేత్తో లాగింది. అంతే, మాయం.

రెండోసారి ఆ వంగిన చోట ఆపాను. ముఖమంతా గీతలు.

"ఆపకు. ఉరకనియ్యి. ఆపితే ఎవల్లో లెక్క ఉంది."

నడిపించాను. కన్నమ్మ లేచి తెర దగ్గరికి పోయింది. ఆమె నీడ పడి అక్క కనిపించలేదు. వెనక్కి జరిగితే కనిపించింది. మళ్లీ దగ్గరికి పోయింది, మళ్లీ పోయింది అక్క. చివరికి వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంది.

"గింత దూరమే కదా. ఇంకోపాలి ఎయ్యి బిడ్డా," అంది.

వేశాను. సెక్రటరీగారు తాళాలు ఆడించడం మానేశారు.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది: ఆపరేటర్ పని తెర నింపడం కాదు, బొమ్మ మొత్తం చూపించడం. మీ ఇంట్లో టీవీ కూడా బహుశా ఫుల్‌లోనే ఉంటుంది. పాత సినిమాలకు ఒరిజినల్‌కి మార్చుకోండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి. అది రిపేరు కాదు, మెకానిక్‌ని పిలవక్కర్లేదు.