పెదనాన్న తీసిపారేసిన బండ్లు

పెదనాన్నకి ఈ ప్రపంచంలో ఏ వస్తువూ నచ్చదు. అందరికీ నచ్చనట్టు నచ్చకపోవడం కాదు, దానికో పద్ధతుంది. ఎదురుగా ఉన్నదానికంటే పక్క కొట్లో ఉన్నది నయమంటాడు. సరే కదా అని పక్క కొట్టుకి తీసుకెళితే, ఇందాకటిదే నయం, అనవసరంగా కాళ్ళీడ్చుకుంటూ వచ్చామంటాడు. మళ్ళీ మొదటి కొట్టుకి వెళదామా అంటే, చూసిన చెత్తనే ఎన్నిసార్లు చూస్తామని విసుక్కుంటాడు.

ఈ గుణం ఆయనకి ఉద్యోగంలో అబ్బిందో, ఈ గుణాన్ని చూసే ఉద్యోగమిచ్చారో ఎవరికీ తెలియదు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో తయారైన ప్రతి ఫ్యానునీ తిప్పి చూసి, బాగాలేనిదాన్ని పక్కన పెట్టడం ఆయన పని. ఆయన హయాంలో బజారుకెళ్ళిన ఫ్యాన్లకంటే పక్కన పెట్టినవే ఎక్కువని చెప్పుకుంటారు. రిటైరైన రోజున అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఫ్యాక్టరీ యజమానేనట. ఆ సభలో బహూకరించిన గోడగడియారాన్ని పెదనాన్న వేదిక మీదే చెవి దగ్గర పెట్టుకుని విని, పెదవి విరిచాడు.

ఆ పెదవి విరుపు చూసి తీరవలసిందే. ముందు కింది పెదవి కాస్త బయటికొస్తుంది. తర్వాత ఎడమపక్కకి జరుగుతుంది. అక్కడ కొంచెంసేపు ఆగుతుంది. ఆ కొంచెంసేపట్లో అమ్మేవాడికి తను ఎందుకు పుట్టానా అనిపిస్తుంది.

ఆయన పై వాటాలో ఉంటాడు. కింది వాటాలో మరదలు, ఆవిడ కూతురు పశువుల డాక్టరమ్మ ఉంటారు. భోజనం కిందే కాబట్టి విమర్శ కూడా కిందే. ఆ మధ్య కొన్ని నెలలపాటు ఆయన కోపమంతా సీసా మూతల మీద ఉండేది. ఈ ఇంట్లో ఏ సీసా ముట్టుకున్నా మూత వదులుగానే ఉంటోందనీ, మర బిగించడం కూడా రానివాళ్ళు కంపెనీలు పెట్టి జనం మీద పడుతున్నారనీ వంటింట్లో నిలబడి దులిపేసేవాడు. మరదలు ఆ గోల చెవిన పెట్టడం ఎప్పుడో మానేసింది. అలా మూతలతో పొద్దుపుచ్చుతున్న మనిషికి డాక్టరమ్మ పుణ్యమా అని ఏకంగా బండ్లు దొరికాయి.

అవి మామూలు బండ్లు కావు. లావాటి చక్రాలు నాలుగు, మధ్యలో గుర్రమెక్కినట్టు కాళ్ళు చెరోవైపు వేసి కూర్చునే సీటు, ముందూ వెనకా సామాను కట్టుకోవడానికి ఇనప చట్రాలు. కారంటే కారు కాదు, బైకంటే బైకు కాదు. ఏటీవీ అంటారు. రోడ్డు లేనిచోటికి పని మీద వెళ్ళేవాళ్ళు కొంటారు. రోడ్డు ఉండగా బురదలోకి దిగాలనిపించే డబ్బున్నవాళ్ళు కూడా కొంటారు.

డాక్టరమ్మది మొదటి రకం అవసరం. కొండమీది పాల సంఘం వాళ్ళకి ఒక పశువుల డాక్టరు కావాలి. దారంతా రాళ్ళూ బురదా, జీపు సగంలోనే చేతులెత్తేస్తుంది. వానలు మొదలయ్యేలోగా ఎవరు సొంత బండి మీద కొండకొసనున్న పశువుల పైకొట్టం దాకా ఎక్కి చూపిస్తే వాళ్ళకే ఆ పని అని సంఘం అధ్యక్షురాలు తేల్చి చెప్పింది. పోటీకి ఇంకో డాక్టరున్నాడు. టౌనులో కుక్కపిల్లలకి గోళ్ళు కత్తిరించి, రిబ్బన్లు కట్టి పంపే ఆసామి. ఆవుని దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియాలి. డాక్టరమ్మకి ఆ పని ఎలాగైనా కావాలి. పెద్ద పశువుల వైద్యం ఏరికోరి చదువుకుని, పిల్లుల జలుబులు చూస్తూ కూర్చోవడం ఆమెకి కంపరంగా ఉంది.

అయితే ఆమె దాచిపెట్టిన సంగతి ఒకటుంది. పోయినేడు ఓ ఆవు ఈనుతూ విదిలించిన విదిలింపుకి, ఆమె కుడిచెయ్యి ఆవుకీ గుంజకీ మధ్య నలిగింది. వాపు తగ్గింది, ఎముక అతుక్కుంది, బొటనవేలికి మాత్రం పాత బలం రాలేదు. కాసేపు దేన్నైనా నొక్కి పట్టుకుంటే సలుపు పుట్టి, వేలు దానంతటదే వదిలేస్తుంది. సూది వేయడం ఎడమచేత్తో నేర్చుకుంది గానీ వేలి సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే తల్లి ఇక ఆవుల జోలికి పోనివ్వదు. తీరా చూస్తే ఏటీవీకి యాక్సిలరేటరు పిడి పక్కన చిన్న మీటలా ఉంటుంది. బండి నడిపినంతసేపూ దాన్ని కుడి బొటనవేలితో నొక్కే ఉంచాలి. ఎలాగో నెట్టుకొద్దాంలే అనుకుంది.

బండి చూడటానికి బయల్దేరిన రోజున పెదనాన్న పిలవకుండానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ బండ్లమ్మే షాపులు మూడూ ఒకే వీధిలో ఉన్నాయి. కంపెనీల పేర్లు నోరు తిరగనివి కావడంతో జనం ఎర్రబండి, పచ్చబండి, నీలంబండి అని రంగుల్ని బట్టే పిలుస్తారు. ముందు ఎర్రబండి షాపు. సేల్స్‌మన్ మెడకి టై బిగించుకుని, కంఠతా పట్టిందంతా అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"మా బండి ఎలాంటి కొండైనా ఎక్కేస్తుందండీ."

"దిగడం సంగతి చెప్పు నాయనా," అన్నాడు పెదనాన్న.

అబ్బాయి తడబడి, బండి ముందున్న తాడు చుట్టని చూపించాడు. బురదలో దిగబడితే దీన్ని చెట్టుకి కట్టి మీట నొక్కితే బండి తనని తానే పైకి లాక్కుంటుందన్నాడు.

"దిగబడుతుందని మీకే నమ్మకం. అందుకే తాడు కూడా మీరే ఇస్తున్నారు," అని పెదనాన్న పెదవిని ఎడమపక్కకి జరిపాడు. దీనికంటే పచ్చబండి నయమన్నాడు.

పచ్చబండి షాపులో సీటు మీద కూర్చుని లేచి, ఇది నడుం నొప్పి డాక్టర్లు చందాలేసుకుని తయారుచేయించిన సీటన్నాడు. వేగం చూపించే అద్దాల మీటరుని చూసి, చూపించడానికి ముందు వేగమంటూ ఉండాలి కదా అని జాలిపడ్డాడు. దీనికంటే నీలంబండి వెయ్యిరెట్లు మేలన్నాడు. నీలంబండి షాపులో రంగు ఒక్కటే బాగుందనీ, ఆ రంగు డబ్బా ఒకటిస్తే గోడకి వేసుకుంటామనీ అన్నాడు. ఎర్రబండిని చూసిన కళ్ళతో దీన్ని చూడలేకపోతున్నానని కూడా అన్నాడు. పోటీ షాపుల్లో తమ బండిని పొగుడుతున్నాడని చెవిన పడి, ముగ్గురు యజమానులూ ఎవరికి వారు ఆయన వచ్చినప్పుడల్లా టీ తెప్పించడం మొదలుపెట్టారు. ఆ టీలు కూడా ఆయనకి నచ్చలేదు.

డాక్టరమ్మని ఉడికించింది ఇదంతా కాదు. షాపు వెనక ఖాళీ స్థలంలో ఆమె బండెక్కి తిరుగుతుంటే, సరిగ్గా బొటనవేలు సలపడం మొదలయ్యే సమయానికి పెదనాన్న చెయ్యెత్తి ఆపమని కేకవేసేవాడు. ఈ శబ్దం వినలేకపోతున్నాననో, వెనక చక్రం వంకరగా నవ్వుతోందనో వంక పెట్టి దింపేసేవాడు. ఆమెకి ఓపక్క ప్రాణం లేచొచ్చేది, ఓపక్క ఒళ్ళు మండేది. దిగిన ప్రతిసారీ ఆ రెండోదే పైకి తేలేది.

ఇక పక్కింటి పళ్ళ డాక్టరు కథ వేరే. ఆయనకి సరదా బండి కావాలి. ఆదివారాలు ఊరిబయట మట్టిదిబ్బల మీద ఎగిరి దూకి, ఆ ఫొటోలు క్లినిక్కులో పెట్టుకోవాలని ఆయన ముచ్చట. సలహా అడగరాని మనిషిని సలహా అడిగాడు. ఎర్రది డబ్బా అని పెదనాన్న అన్నాడని పచ్చది కొన్నాడు. పచ్చది కొన్నారా, అయ్యో పాపం అన్నాడని దాన్ని మార్చి నీలంది తెచ్చాడు. నీలందాన్ని పెదనాన్న గోడ మీంచి చూసి ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయాడు. ఆ మౌనానికి పళ్ళ డాక్టరు వారంపాటు సరిగ్గా నిద్రపోలేదు. పళ్ళు పీకే మనిషికి దిబ్బలు పీకే బండెందుకని పెదనాన్న వీధిలో అన్న మాట ఆయనదాకా వెళ్ళకపోవడం కొంత నయం.

ఎలాగూ పడి ఉంటోంది, ఓసారి నడిపి చూడమని ఆ నీలంబండిని పళ్ళ డాక్టరే డాక్టరమ్మకి ఇచ్చాడు. ఆదివారం పెదనాన్నతో కలిసి ముగ్గురూ మట్టిదిబ్బల దగ్గరికెళ్ళారు. డాక్టరమ్మ పెద్ద దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కేసరికి వేలు వదిలేసింది. బండి మూలిగి ఆగి, వెనక్కి జారబోయింది. ఆమె బ్రేకు బిగించి, చెమటలు కక్కుతూ అలాగే ఉండిపోయింది.

పళ్ళ డాక్టరు నొచ్చుకుంటూ, తనకైతే చక్కగా ఎక్కుతుందనీ, బహుశా డాక్టరమ్మ చెయ్యి అనీ ఏదో చెప్పబోయాడు. పెదనాన్న ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఆ ఇంజన్లో ఉడికిన వంకాయకున్నంత సత్తువ లేదన్నాడు. దీన్ని తయారుచేసినవాడు కొండని బొమ్మలో కూడా చూసి ఉండడన్నాడు. బండిని, కంపెనీని, అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి వరసపెట్టి ఏకిపారేశాడు. పళ్ళ డాక్టరు ముఖం కందగడ్డ చేసుకుని బండిని తనే దింపుకున్నాడు. డాక్టరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది, తన చేతికి కాదు, పెదనాన్న నోటికి.

మరునాడే పాల సంఘం అధ్యక్షురాలు ఫోన్ చేసింది. మబ్బులు పడుతున్నాయనీ, కుక్కపిల్లల డాక్టరు బండి కొనేశాడనీ, ఈ వారంలో డాక్టరమ్మ ఎక్కి చూపించకపోతే ఆయన్నే పెట్టుకుంటామనీ చెప్పింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర డాక్టరమ్మ పళ్ళెం పక్కకి నెట్టింది.

"నీకు నచ్చే బండి ఈ భూమ్మీద లేదు పెదనాన్నా. నాకు మాత్రం ఆ పని కావాలి. అది పోతే నీవల్లే పోతుంది. రేపట్నించి నువ్వు నాతో రావద్దు."

పెదనాన్న పెదవి కదల్లేదు. చెయ్యి కడుక్కుని, మెట్ల దాకా వెళ్ళి ఆగాడు.

"పచ్చబండి మాత్రం కొనకు," అని పైకి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ఆమె ఒక్కతే ఎర్రబండి షాపుకెళ్ళింది. ఏ బండైతే అదే అయింది, ఇవాళ కొనేయడమే అని పళ్ళు బిగించుకుని వెళ్ళింది. వెనక షెడ్డులో ఒక బండి విడిగా పెట్టి ఉంది. దానికి బొటనవేలి మీట లేదు. కుడిపిడి మొత్తం మోటారుసైకిలు పిడిలా చేత్తో తిప్పేలా మార్చి ఉంది. అది కావాలంటే యజమాని తల అడ్డంగా ఊపాడు. అది మీ పెదనాన్నగారు చెప్పి చేయించుకుంటున్న బండన్నాడు.

ఆమె తెల్లబోయింది. యజమాని కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ చెప్పుకొచ్చాడు. పెదనాన్న ఎప్పటినుంచో రోజూ మధ్యాహ్నం ఒక్కడే వస్తున్నాడట. కుడి బొటనవేలికి గుడ్డ బిగించి కట్టుకుని మరీ బండెక్కి తిరిగేవాడట. మీట తీసేసి తిప్పే పిడి పెట్టండని మూడు షాపుల్నీ వేధించుకు తిన్నాడట. గ్యారంటీ పోతుందని మిగతా ఇద్దరూ కుదరదన్నారు. ఆయన తిట్లు భరించలేక తన మెకానిక్కు ఒప్పుకున్నాడు.

"ఎందుకని అడగలేదా మీరు?"

"అడక్కేం? నా వేలు చచ్చుబడింది, ముసలాణ్ణయ్యాను, అయినా బండి మీద తిరగాలని సరదాగా ఉంది అన్నారు. ఈ వయసులో ఈ సోకులేమిటని వీధంతా నవ్వుకున్నామండీ. పాపం, ఏమీ అనలేదాయన."

జన్మలో తనలో ఒక్క లోపమున్నట్టు ఒప్పుకోని మనిషి మూడు షాపులు తిరిగి తన వేలు పనికిరాదని చెప్పుకున్నాడు. అందరి వస్తువుల్నీ చూసి నవ్వే మనిషి వీధి జనమంతా తనని చూసి నవ్వుతుంటే నోరు మూసుకున్నాడు. డాక్టరమ్మకి ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చింది. ఇంట్లో సీసాలకి వదులు మూతలిచ్చింది ఏ కంపెనీ కాదు. తను వంటింట్లోకి రాకముందే వాటిని వదులు చేసి పెట్టిందెవరో, ఎవరికీ అనుమానం రాకుండా కంపెనీని తిట్టిందెవరో తెలిసింది. వేలు సలిపే సమయానికే ఎందుకు ఆపించాడో, దిబ్బ మీద పళ్ళ డాక్టరు మాటని ఎందుకు తుంచేశాడో కూడా తెలిసింది. పిల్ల చెయ్యి బాగాలేదని ఎవరూ అనకూడదని ఆయన బండ్లన్నీ బాగాలేవని అంటూ వచ్చాడు. ఆ వెంటనే, నిన్నటి తన మాటలు గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ బండెక్కి షెడ్డు చుట్టూ తిరిగింది. ఎంతసేపు తిరిగినా చెయ్యి సలపలేదు. ఎవరూ ఆపమని కేకవేయలేదు.

పెదనాన్న చేయించింది తనకోసమేనని యజమానికి చెప్పి, డబ్బు కట్టి, బండిని ఇంటికి తెచ్చి గుమ్మం ముందు ఆపితే పెదనాన్న మెట్లు దిగొచ్చాడు. ఎర్రదే కొన్నానని చెప్పింది. పచ్చది చూడాల్సిందని ఆయన పెదవి విరిచాడు. ఆమె పిడి సంగతి ఎత్తబోయేసరికి, చక్రాలకి గాలి సరిపోలేదని అటు తిరిగాడు.

వారం చివర డాక్టరమ్మ కొండెక్కింది. పెదనాన్న పాల క్యాన్లు మోసే ట్రాక్టరు వెనక కూర్చుని, దారి పొడవునా ట్రాక్టరుని తిడుతూ వచ్చాడు. సగం దూరంలో ట్రాక్టరు ఆగిపోతే దిగి, రాళ్ళు పట్టుకుని ఆయాసపడుతూ నడిచాడు. పైకొట్టం ముందు సంఘం వాళ్ళంతా నిలబడి చూస్తుండగా ఎర్రబండి ఆఖరి ఎత్తు దగ్గర ఒక్కసారి బురదలో జారింది, నిలదొక్కుకుంది, మళ్ళీ పట్టు దొరికించుకుని పైకొచ్చేసింది. ఆవులు తలలెత్తి చూశాయి. అధ్యక్షురాలు ముచ్చటపడి, పని ఈ అమ్మాయిదే అని అక్కడికక్కడే చెప్పేసింది. తర్వాత చుట్టూ తిరిగి బండిని మెచ్చుకుంటూ, అంతలో పైకి చేరుకున్న పెదనాన్నని పలకరించింది.

"బండి భలే ఎక్కిందండీ. ఎంపిక మీదేనటగా?"

కింది పెదవి బయటికొచ్చింది. ఎడమపక్కకి జరిగింది. కొంచెంసేపు ఆగింది.

"బండిదేముందమ్మా, వట్టి డబ్బా," అన్నాడు పెదనాన్న రొప్పుతూ. "ఎక్కించింది మా పిల్ల."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. అప్పటికే ఆయన ఎదురుగా ఉన్న ఆవుని పైనుంచి కిందిదాకా చూసి, దీని కొమ్ములు రెండూ ఒక కొలతలో లేవని దాని యజమానితో తగాదాకి దిగాడు.